ఇళ్ళ కప్పుల మీది బజారు

పోయిన నెలలో ఒక పొద్దున, మోతీనగర్‌లోని మా ఇంట్లో కాఫీ తాగుతూ, పనికిరాని మెయిళ్ళు ఒక్కొక్కటే తీసేస్తుంటే, ముక్కూమొహం తెలియని ఒక విదేశీయుడి మెయిలు కనబడింది. నేనెప్పుడో చేసి పెట్టిన ఒక చిన్న పనిముట్టును కొత్త కంప్యూటర్ల మీద నడిచేలా బాగుచేసుకుంటానని, అందుకు నా అనుమతి కావాలని రాశాడు. నన్ను మగవాడనుకుని ‘సర్’ అని సంబోధించాడు. ఆ పాత ఆట ఆడేవాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారట, మ్యాపుల్లో చెట్లూ చేమలూ కుండలూ సర్దుకోవడానికి ఈనాటికీ నా పనిముట్టునే వాడుతున్నారట. అలాగే చేసుకోండి అని ఒక వాక్యం రాసి పంపించాను. సర్ కాదు అని సరిదిద్దలేదు.

మన వయసు వాళ్ళకు ఆ రోజుల కంప్యూటర్ ఆటలు గుర్తుండే ఉంటాయి. తుపాకీ పట్టుకుని పరిగెత్తేవి ఒక రకం, పైనుంచి నేలను చూస్తూ సైన్యాలను నడిపేవి ఇంకో రకం. నేను చెప్పేది రెండో రకం గురించి. నేల మీద కోటలు కట్టి, సైనికులను పోగేసి, శత్రువు మీదికి తోలాలి. ఆట కొన్నవాళ్ళకు దానితోపాటే ఒక ఎడిటర్ కూడా ఇచ్చేవారు. దానితో మనమే కొత్త మ్యాపు గీసుకోవచ్చు, కొండలు లేపొచ్చు, ఏళ్ళు పారించొచ్చు. ఆ పైన అలంకారాలు: చెట్లు, బండరాళ్ళు, విరిగిన బండ్లు, కుండలు, గడ్డివాములు. అవి యుద్ధం చేయవు, పన్ను కట్టవు, గెలుపోటములతో వాటికి సంబంధం లేదు. ఊరికే ఉంటాయి. అవి లేకపోతే మాత్రం ఆ నేల ఎవరూ బతకని చోటులా కనబడుతుంది.

ఊరికే ఉండే వస్తువుల సంగతి నాకు అప్పటికే బాగా తెలుసు. ఇంటర్ అయ్యాక చదువు సాగక, తెనాలి నుంచి మేనమామ దగ్గరకు వచ్చేశాను. మామయ్యకు ఫిల్మ్ నగర్‌లో సినిమా సామాను అద్దెకిచ్చే గోడౌన్ ఉండేది. దేవుడి మందసం నుంచి జైలు కటకటాల దాకా, రాజుగారి సింహాసనం నుంచి పేదవాడి కుంపటి దాకా అన్నీ ఆ రేకుల షెడ్డులోనే ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. సింహాసనం మీద కుంపటి కూడా ఉండేది, చోటు చాలక. నా పని ప్రతి వస్తువుకూ పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి చీటీ అంటించడం. లారీలో ఏది ఎక్కడ పడుతుందో ముందే లెక్క వేస్తే రెండోసారి తిప్పే పని ఉండదు కదా. కొన్నాళ్ళకు వస్తువును చూడగానే కొలతలు కళ్ళకు కట్టేవి. పెళ్ళిళ్ళకు వెళ్ళినా పందిరి గుంజల ఎత్తు మనసులో కొలుస్తూ ఉండేదాన్ని. అత్తయ్యకు ఇది నచ్చేది కాదు. వచ్చిన ఆడపిల్ల నగలు చూడాలి గానీ గుంజలు చూస్తుందేమిటని ఆవిడ బాధ.

మా బావ అంటే ఈ మామయ్య కొడుకు. తరవాత కాలంలో ఆయనే మా ఆయన కూడా అయ్యాడు గానీ, ఇప్పుడు చెబుతున్న రోజులకు ఇంకా బావే. ఒక పెద్ద ఆర్ట్ డైరెక్టర్ దగ్గర సహాయకుడిగా ఉండేవాడు. ఎప్పటికైనా సొంతంగా ఒక పిక్చరుకు సెట్లు వేయాలన్నది ఆయన కోరిక. మామయ్యకేమో కొడుకు గోడౌన్ చూసుకుంటే చాలని. ఇద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చునేవాళ్ళు, ఒకే పేపరు పంచుకునేవాళ్ళు, ఈ ఒక్క విషయం దగ్గరకు వచ్చేసరికి మాత్రం మాటలు ఆగిపోయేవి. మామయ్యకు ఒక నియమం ఉండేది. తన కొడుకు సొంతంగా ఒక పిక్చరుకు పనిచేసే రోజు వస్తే ఆ పిక్చరుకు తన సామాను ఒక్కటి కూడా పంపనని ముందే చెప్పేశాడు. “పరాయివాడు విరగ్గొడితే అడగ్గలను. వీడు విరగ్గొడితే ఎవర్ని అడగను, మీ అత్తయ్యనా?” అనేవాడు.

గోడౌన్‌లో బిల్లుల కోసం కొన్న కంప్యూటర్ మీద బావ సాయంత్రాలు ఆ ఆట ఆడేవాడు. ఆడడం కంటే అలంకరించడం ఎక్కువ. యుద్ధం మొదలుపెట్టి, సైన్యాన్ని ఒక మూల నిలబెట్టి, పల్లెలో గడ్డివాము ఏ వైపుకు వాలాలా అని చూసుకునేవాడు. ఆయనకు వచ్చిన చిక్కల్లా ఎడిటర్‌తోనే. అది ఏ వస్తువునైనా నేల మీదే పెట్టనిచ్చేది. ఇంటి కప్పు మీద కుండ పెట్టబోతే ఆ కుండ కప్పులోంచి జారిపోయి నేలకు దిగి, ఇంటి లోపల ఎక్కడో మాయమయ్యేది. రంగులు, కోణాలు కూడా దాని ఇష్టప్రకారమే. “వస్తువు నాది, స్థలం నాది, మధ్యలో దీని పెత్తనమేంటే?” అని నా మీద విసుక్కునేవాడు, అదేదో నేను చేసినట్టు.

నాకది లెక్కగా కనబడింది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనే అలవాటు నాకు. అలా దొరికిన ఒక ప్రోగ్రామింగ్ పుస్తకం, అట్టలేనిది, చదివి అర్థం చేసుకుంటూ ఉన్నాను. ఒక్క చెట్టున్న మ్యాపును ఫైలుగా దాచి, ఆ చెట్టును కొంచెం కుడికి జరిపి ఇంకోసారి దాచి, రెండు ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి ఎక్కడ అంకెలు మారాయో చూశాను. తరవాత అదే చెట్టును పైకి, కిందికి, తిప్పి, పెంచి. కొన్ని వారాలకు ఆ ఫైలు గుట్టు తెలిసింది. ఒక్కో అలంకారానికి అది ఏ వస్తువో చెప్పే గుర్తు, ఆ వెంట అడ్డం, నిలువు, ఎత్తు, తిరిగిన కోణం, పరిమాణం. అచ్చంగా నేను గోడౌన్‌లో అంటించే చీటీయే. ఎత్తు అనే అంకె అందులో మొదటి నుంచీ ఉంది. ఎడిటర్‌కు దాన్ని మనకు చూపించాలని అనిపించలేదు, అంతే.

దాని మీద ఒక చిన్న పనిముట్టు కట్టాను. మ్యాపును తెరిస్తే అలంకారాలన్నీ వరసగా వస్తాయి. దేన్నయినా ఎంచుకుని ఎత్తు దగ్గర మనకు కావలసిన అంకె వేయొచ్చు. మొదటిసారి కుండ కప్పు మీద నిలబడినప్పుడు బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ పనిముట్టుకు ‘సింగారం’ అని పేరు పెట్టింది ఆయనే. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది కూడా ఆయనే, నా పేరుకు బదులు ఏదో మారుపేరుతో. ప్రపంచం నలుమూలల నుంచి మెచ్చుకుంటూ రాసేవారు. మేముండే యూసుఫ్‌గూడలో ఒక్కరికీ తెలియదు.

ఇక బావ ఆగలేదు. ఒక కోట, కోట గుమ్మం ముందు బజారు వీధి. ఆ ఆటలో మనం నేలను గద్దలాగా పైనుంచి ఏటవాలుగా చూస్తాం, ఆ చూపు మారదు. కాబట్టి ఇల్లంటే కప్పే, గోడ పెద్దగా కనబడదు. వీధిలో సామాను పెడితే సైనికులు దానికి తట్టుకుని గుంపుగా ఇరుక్కుపోతారు. అందుకని వీధి ఖాళీగా ఉంచి, బజారునంతా కప్పుల మీదికి ఎక్కించాడు. ఎండుతున్న మిరపకాయలు, రంగు వేసి ఆరేసిన బట్టలు, బోర్లించిన కుండలు, పావురాల గూళ్ళు, నూలు కండెలు. ఒక్కో కప్పూ ఒక్కో కులవృత్తి చెప్పేది. నేను అంకెలు వేసేదాన్ని, ఆయన “ఇంకొంచెం, ఇంకొంచెం” అనేవాడు. నిజానికి అది చాలా అందంగా ఉండేది. ఇప్పటికీ ఆ మాట అనగలను.

ఆ రోజుల్లోనే ఒక దర్శకుడు జానపదం లాంటి పిక్చరు ఒకటి మొదలుపెడుతున్నాడని తెలిసింది. బావ కంప్యూటర్ పెట్టెను ఒడిలో పెట్టుకుని, మానిటర్‌ను నా ఒడిలో పెట్టి, ఇద్దరం ఆటోలో జూబ్లీహిల్స్‌లోని ఆయన ఆఫీసుకు వెళ్ళాం. అందరూ పెన్సిలు బొమ్మలు పట్టుకొచ్చే కాలమది. బావ తెర మీద బజారు చూపించి, అందులో సైనికులను నడిపించాడు. దర్శకుడుగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. మిరపకాయలున్న కప్పు మీద వేలుపెట్టి, “ఇదీ, ఇది కావాలయ్యా నాకు” అన్నారు. ఆ వేలు నాకు బాగా గుర్తుంది. బావకు మొదటి పిక్చరు అలా వచ్చింది.

మ్యాపులోని అంకెలను అడుగుల్లోకి మార్చి ప్లాను ప్రింటు తీసి ఇచ్చింది నేను. స్టూడియో ఆవరణలో సెట్ లేచింది. మామయ్య నియమం మామయ్యదే కాబట్టి సామానంతా బావ కొత్తగా చేయించుకున్నాడు. అంతా ప్లానులో ఎలా ఉందో అలాగే, ఏ కుండ ఏ కప్పు మీద ఏ వైపుకు తిరిగి ఉండాలో ఆ వైపుకే. రహమత్ నగర్ నుంచి వచ్చే సెట్టింగు మేస్త్రి, పని తప్ప మాట ఎరగడని పేరున్న మనిషి, తన జనంతో నిచ్చెనలు వేసుకుని అన్నీ ఎక్కించాడు. మాకెవరికీ ఏ అనుమానమూ రాలేదు. నెలల తరబడి చూసి చూసి ఆ గద్ద చూపే మా చూపు అయిపోయింది.

షూటింగు రోజు వచ్చింది. హీరో మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తాడు, వచ్చి బజారులో పరిగెత్తాలి, వెనక సైనికులు తరమాలి. మన మ్యాపు లేచి నిలబడింది, వచ్చి చూడు అని బావ పిలిస్తే నేనూ వెళ్ళాను. టిఫిన్ల వేళకు దర్శకుడుగారు వచ్చారు. వీధి మొదట్లో నిలబడ్డారు. అటు చూశారు, ఇటు చూశారు. రెండు వైపులా సున్నం వేసిన గోడలు, మధ్యలో మట్టి, అంతే. దర్శకుడుగారు బావ వైపు తిరిగి, చాలా మర్యాదగానే అడిగారు.

“ఏవయ్యా, బజారేదీ?”

“పైన ఉందండీ,” అన్నాడు బావ.

లైట్లవాళ్ళ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అక్కణ్ణుంచి కెమెరావాళ్ళకు, మేకప్పువాళ్ళకు, టీలు పోసేవాళ్ళకు పాకింది. మాట ఎరగడన్న మేస్త్రి కూడా నోరు విప్పాడు. “ఏందన్నా, బజారంతా మిద్దెల మీద పెట్టినవ్. గద్దలకు అమ్ముతవా ఏంది?”

దర్శకుడుగారు నవ్వలేదు. మిరపకాయల కప్పు మీద తాను వేలు పెట్టిన సంగతి ఆయన గుర్తు చేసుకోలేదు, మేమూ గుర్తు చేయలేదు. కెమెరా మనిషి భుజం ఎత్తున ఉంటుందని, హీరో వచ్చేలోపు ఈ వీధిలో బజారు కనబడాలని, లేకపోతే తనకు తెలిసిన ఇంకో ఆర్ట్ డైరెక్టరు పక్క షూటింగు ఫ్లోర్‌లోనే పనిచేస్తున్నాడని చెప్పి, కారులో కూర్చున్నారు. ఆ మాటకు అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. మొదటి పిక్చరులో సగంలో పేరు పోగొట్టుకున్నవాడికి రెండో పిక్చరు ఉండదు.

పైనున్నవి కిందికి దించుదామంటే అదీ కుదరలేదు. ఆటలో పైనుంచి కనబడాలని ప్రతి అలంకారాన్నీ అసలు పరిమాణం కన్నా పెద్దగా చేసి ఉంచుతారు. మేం ఆ నిష్పత్తినే దించాం. మేస్త్రి ఒక కుండను దించి గోడ పక్కన పెడితే అది మేస్త్రి గడ్డం దాకా వచ్చింది. ఒక్కో మిరపకాయ అరటికాయంత ఉంది. మళ్ళీ నవ్వులు. బావ నవ్వేవాళ్ళ వైపు చూడలేదు. వీధి మధ్యలో నిలబడి గోడలను చూస్తున్నాడు, అంత పొడవున అవి అక్కడ ఎప్పుడు లేచాయా అన్నట్టు. నేను బయటికొచ్చి ఆటో ఎక్కాను.

మామయ్య గోడౌన్ గుమ్మంలో పేపరు చదువుతున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ‘పైన ఉందండీ’ దగ్గరకు వచ్చేసరికి ఆయన భుజాలు కదిలాయి. పేపరు అడ్డం పెట్టుకున్నాడు గానీ నవ్వుతున్నాడని తెలుస్తూనే ఉంది. “పైనుంచి ఎవడు చూస్తాడే? దేవుడా?” అన్నాడు. ఆ తరవాత పేపరు మడిచాడు. దర్శకుడు ఎక్కడ నిలబడ్డాడు, ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, హీరో ఏ చివర నుంచి వస్తాడు అని వరసగా అడిగాడు. తన నియమం సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ కదిలించలేదు.

ఆ వీధిలో ప్రతి గోడ పొడవూ, ప్రతి గుమ్మం వెడల్పూ నా నోట్లోనే ఉన్నాయి కదా, అన్నీ నేను వేసిన అంకెలే. నేను చెబుతుంటే మామయ్య షెడ్డులో తిరుగుతూ సామాను చూపించాడు. ఇక్కడికి గాజుల బండి, ఇక్కడికి ధాన్యం బుట్టలు, ఇక్కడికి ఇత్తడి తక్కెడ. లారీలో సామాను ఎక్కించడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. వీధి చివరి దుకాణం సామాను ముందు ఎక్కాలి, మొదటి దుకాణానిది ఆఖరున ఎక్కాలి. అప్పుడు లారీ వీధి మొదట్లో ఆగి వెనక తలుపు తెరిస్తే, దింపుకుంటూ పోయిన కొద్దీ బజారు తనంతట తాను వరసగా వచ్చేస్తుంది. ఆ రోజు కూడా అలాగే ఎక్కించాం. మామయ్య డ్రైవరు పక్కన, నేను బుట్టల మీద.

స్టూడియోలో లారీ ఆగేసరికి అందరూ గుమిగూడారు. తండ్రీకొడుకుల సంగతి ఫిల్మ్ నగర్‌లో తెలియనివాళ్ళు లేరు. మామయ్య దిగి, నేరుగా బావ దగ్గరకు వెళ్ళాడు. తిడతాడని నేననుకున్నాను, బావ కూడా అదే అనుకున్నట్టున్నాడు. మామయ్య భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. మా వ్యాపారంలో అద్దె సామాను తెచ్చినవాడు ఆర్ట్ డైరెక్టరు ముందు నిలబడే తీరు ఒకటి ఉండేది, ఎంత చిన్నవాడైనా సరే. అలాగే నిలబడి, అందరికీ వినబడేలా అన్నాడు.

“ఆర్ట్ డైరెక్టర్ గారూ, సరుకొచ్చింది. ఈ బుట్టలు ఎక్కడ పెట్టమంటారు?”

అందులో వెక్కిరింపు లేదని చెప్పలేను. కొంచెం ఉంది. కానీ నవ్వినవాళ్ళెవరూ మళ్ళీ నవ్వలేదు. బావ ఒకసారి బుట్టల వైపు, ఒకసారి వీధి వైపు చూశాడు. మామయ్య అలాగే నిలబడి ఉన్నాడు.

“ఆ మూల గుమ్మం పక్కన పెట్టండి,” అన్నాడు బావ చివరికి. తండ్రిని ఆయన ‘అండీ’ అనడం నేను విన్నది ఆ ఒక్కరోజే.

“ఒకటి దించి చూపించమంటారా?”

“చూపించండి.”

మేస్త్రి మనుషులు అప్పటికే చేతులు వేశారు. గోడ వారగా దుకాణాలు లేచాయి, భుజం ఎత్తున తాళ్ళు కట్టి గంపలూ గుడ్డలూ వేలాడదీశారు. బావ వీధి మొదట్లో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూస్తూ ఒక్కోటీ జరిపించాడు. మామయ్య సలహా ఒక్కటీ చెప్పలేదు. ఆయనకు నచ్చనిచోట తక్కెడ పెట్టమంటే కూడా, ముక్కు ఎగబీల్చి అక్కడే పెట్టించాడు. హీరో వచ్చేసరికి బజారు బజారులాగే ఉంది. కారు దిగిన దర్శకుడుగారు ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, “కానియ్” అన్నారు. పైనున్న పెద్ద కుండలను ఎవరూ దించలేదు. కెమెరాకు కనబడవు కదా.

ఆ పిక్చరు పెద్దగా ఆడలేదు. పేర్లలో మాత్రం బావ పేరు పడింది. మామయ్య అత్తయ్యను తీసుకుని మొదటి ఆటకే వెళ్ళి, పేర్లు అయిపోయాక లేచి వచ్చేశాడట. తరవాత బావ ఇంకొన్ని పిక్చర్లకు పనిచేశాడు. ‘పైన ఉందండీ’ అన్న మాట చాలా ఏళ్ళు ఆయన వెంట తిరిగింది. కృష్ణానగర్‌లో టీ తాగుతుంటే ఎవరో ఒకరు, “ఏమన్నా, చక్కెర యాడున్నది, పైనున్నదా?” అనేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. ఆ సెట్ కోసం కొలిచిన అంకెల మీద నాకూ బావకూ ఎన్ని వాదనలు జరిగాయో లెక్కలేదు గానీ, తప్పు సింగారానిది అన్న మాట మాత్రం ఆయన నోట ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. ఏ పిక్చరు చూసినా మొదట ఊరు పైనుంచే కనబడుతుంది, కప్పుల మీద మిరపకాయలు, బట్టలు, పావురాలు. అదంతా కంప్యూటర్‌లో పెట్టిందే, వీధి కూడా అందులోదే. గోడౌన్లు చాలావరకు పోయాయి. మామయ్య పోయాక మా షెడ్డు ఉన్నచోట అద్దాల కట్టడం ఒకటి లేచింది. సామానంతా ఎవరూ అద్దెకు అడక్క, ఒక హోటలు వాళ్ళకు అమ్మేశాం. పల్లెటూరి వాతావరణంలో భోజనం అని ఇప్పుడు అక్కడక్కడా పెడుతున్నారు కదా, అలాంటిది, బంజారాహిల్స్‌లో.

ఈ మధ్య బావా నేనూ ఒక మధ్యాహ్నం అక్కడికి భోజనానికి వెళ్ళాం. బండి చక్రం గోడకు ఉంది, తక్కెడ క్యాషు బల్ల మీద ఉంది. మా ధాన్యం బుట్టలను దీపాల మధ్య పైకప్పుకు వేలాడదీశారు. చుట్టూ పిల్లాపాపలతో కుటుంబాలు, ఆఫీసువాళ్ళు, అందరూ కంచాల్లోకో ఫోనుల్లోకో చూసుకుంటున్నారు. బావ అన్నం కలుపుతూ మధ్యమధ్యలో తలెత్తి పైకి చూస్తున్నాడు. నేనూ చూశాను. మరీ ఎత్తున కట్టారు. ఒక మూరెడు కిందికి ఉంటే కూర్చున్నవాళ్ళకు కనబడేవి. ఇవి ఎక్కడ పెట్టమంటారు అని వాళ్ళు ఎవరినీ అడిగి ఉండరు.